మందు పనిచేయలేదా, మందు చేరలేదా? ఒక మోకాలి ఇంజెక్షన్ కేసు

ఈ కేసులో మొదటి ఇంజెక్షన్ వేసింది నేనే. అది చేరాల్సిన చోటికి చేరలేదని రెండు నెలల తర్వాత తెలుసుకున్నదీ నేనే. మోకాలి ఇంజెక్షన్లు వేసే తోటి డాక్టర్లకు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే అల్ట్రాసౌండ్ ప్రోబ్ చేతిలోకి తీసుకుంటున్న వాళ్లకు ఉపయోగపడుతుందని దీన్ని వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి ఉంది. ఆవిడను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. చికిత్స నడిచిన క్రమం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

ఆవిడకు అరవై దాటాయి. కుడి మోకాలి నొప్పి నాలుగేళ్లుగా ఉంది. భారీ శరీరం, తొడలు మరీ లావు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 7.6. బీపీ ఉంది. కిడ్నీ పరీక్షలు నార్మల్. రక్తం పలచబరిచే మందులేవీ లేవు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో మోకాలి లోపలి వైపు సందు బాగా తగ్గిపోయింది, ఎముక అంచులు ముళ్లలా పెరిగాయి. కెల్‌గ్రెన్-లారెన్స్ కొలతలో 3వ గ్రేడు. 1957 నుంచి వాడుతున్న ఈ కొలతలో 4 చివరిది. అంటే అరుగుదల ఎక్కువగానే ఉంది కానీ ఇంకా చివరి దశ కాదు.

నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ, కొంత బరువు తగ్గడం అన్నీ అప్పటికే అయ్యాయి. మొదటి మూడేళ్లు వాటితోనే నెట్టుకొచ్చారు.

నా దగ్గరకు వచ్చినప్పుడు

ఆవిడ చెప్పినదాంట్లో రెండు రకాల నొప్పులు ఉన్నాయి. నేను ఒక్కటే విన్నాను. మెట్లు ఎక్కేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు వచ్చే నొప్పి పాతది, అరుగుదలకు సరిగ్గా సరిపోయేది. గత మూడు నెలలుగా మాత్రం కూర్చున్నా, పడుకున్నా నొప్పి ఉంటోంది. పొద్దున లేవగానే ముప్పావు గంట దాకా మోకాలు పట్టేసినట్టు ఉంటోంది. రెండుసార్లు ఉన్నట్టుండి మోకాలు వేడెక్కి, వారం రోజుల్లో దానంతటదే తగ్గింది. ఇదంతా నా నోట్స్‌లో రాసి ఉంది. రాశాను గానీ దానికి తగిన బరువు ఇవ్వలేదు. ఎక్స్‌రే అంత స్పష్టంగా కనిపిస్తుంటే, నొప్పి మొత్తాన్నీ దాని ఖాతాలోనే వేసేశాను.

చేత్తో పరీక్షిస్తే నీరు ఉన్నట్టు అనిపించలేదు. చిప్పను నొక్కి చూశాను, తేలలేదు. ఇంత కొవ్వు ఉన్న మోకాలిలో ఆ పరీక్ష మీద ఎంతవరకు ఆధారపడవచ్చో ఆ రోజు ఆలోచించలేదు.

మొదటి ఇంజెక్షన్

కూర్చోబెట్టి, మోకాలు వంచి, చిప్ప కింద బయటి వైపు మెత్తగా తగిలే చోటు నుంచి వేశాను. అప్పటికి అది నాకు బాగా అలవాటైన దారి. 21 గేజ్ సూది, 38 మిల్లీమీటర్ల పొడవు. వెనక్కి లాగి చూస్తే ఏమీ రాలేదు. మందు ఎక్కించేటప్పుడు కొంచెం గట్టిగా అనిపించింది. సూదిని అర సెంటీమీటరు ముందుకు జరిపాను, బిగువు కాస్త తగ్గింది. అయితే లోపలే ఉన్నాననుకుని 40 మిల్లీగ్రాముల ట్రయామ్‌సినలోన్ అనే స్టీరాయిడ్, 3 మిల్లీలీటర్ల లిగ్నోకైన్ అనే మత్తుమందు కలిపి ఇచ్చేశాను.

అప్పటి నా ఆలోచన ఇది: లాగినప్పుడు నీరు రాలేదంటే కీలులో నీరు లేదని అర్థం. బిగువు తగ్గిందంటే సూది కీలులోకి వెళ్లిందని అర్థం. ఈ రెండూ తప్పే. నీరు రాకపోవడానికి ముందున్న కారణం సూది మొన కీలులో లేకపోవడమే కావచ్చు. మెత్తటి కొవ్వులో కూడా మందు తేలిగ్గానే పోతుంది.

వారం తర్వాత ఆవిడ ఫోన్‌లో, "బాబూ, ఆ సాయంత్రం హాయిగా ఉంది. మెట్లు కూడా దిగాను. నాలుగో రోజుకల్లా మళ్లీ మామూలే" అన్నారు. ఆ హాయి నన్ను ఇంకా తప్పుదారి పట్టించింది. మత్తు పనిచేసింది కాబట్టి మందు చేరిందనే నమ్మాను. చిప్ప కింద, కీలు ముందు భాగంలో హోఫా కొవ్వు అనే మెత్త ఉంటుంది. మోకాలిలో నొప్పి బాగా తెలిసే భాగాల్లో అదొకటి. లిగ్నోకైన్ అక్కడ పడినా కొన్ని గంటలు నొప్పి తగ్గుతుంది. అంతమాత్రాన కీలులోపలి పొరకు స్టీరాయిడ్ అందినట్టు కాదు.

చర్మం మీద మచ్చ

రెండు నెలలకు ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి కొడుకు కూడా వచ్చాడు. "ఇంజెక్షన్ పనిచేయలేదు కదండీ, ఇక ఆపరేషన్ చేయించేద్దాం" అని కూర్చుంటూనే అన్నాడు. నేను కూడా సర్జన్‌కు ఉత్తరం రాయడానికి సిద్ధమయ్యాను. అంతకుముందు మరోసారి మోకాలు చూద్దామని దీపం దగ్గరకు లాగాను.

చిప్ప కింద, సరిగ్గా నేను సూది గుచ్చిన చోట, వేలి గోరంత మేర చర్మం తెల్లబడి ఉంది. దాని మధ్యలో చిన్న గుంట. వేలితో తడిమితే కింద కొవ్వు కరిగిపోయినట్టు పల్చగా తగిలింది. స్టీరాయిడ్ చర్మం కిందే నిలిచిపోయినప్పుడు కొన్ని వారాలకో నెలలకో ఇలాంటి మచ్చ వస్తుంది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ మచ్చ చూడగానే విషయం అర్థమైంది. మందులో కనీసం కొంత భాగం కీలు దాకా వెళ్లనే లేదు. మిగతాది ఎక్కడికి పోయిందో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఇక్కడ నిర్ణయం మారింది. "ఇంజెక్షన్ పనిచేయలేదు" అనే మాటను ఆధారం చేసుకుని ఆపరేషన్ దాకా వెళ్లబోయాం. కానీ ఇంజెక్షన్ కీలులో పడిందో లేదో తెలియకుండా ఆ మాట అనే హక్కు నాకు లేదు. అలాగని వెంటనే మరొకటి వేయడం కూడా తేలికైన నిర్ణయం కాదు. కీలు మార్పిడికి ముందు మూడు నెలల లోపు స్టీరాయిడ్ వేస్తే ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. అంటే ఇప్పుడు వేస్తే ఆపరేషన్ కనీసం మూడు నెలలు వెనక్కి వెళుతుంది. ఈ మాట తల్లీకొడుకులిద్దరికీ చెప్పాను. మచ్చ ఎందుకు వచ్చిందో కూడా దాచకుండా చెప్పాను. కొడుకు కాసేపు మౌనంగా ఉన్నాడు. ఆవిడే, "సరే బాబూ, ఈసారి చూసి వేయండి" అన్నారు.

చూడటం మొదలుపెట్టాక

పడుకోబెట్టి, మోకాలి కింద మడిచిన టవల్ పెట్టాను. మోకాలు ఇరవై, ముప్పై డిగ్రీలు వంగితే చాలు. చిప్ప పైన ప్రోబ్‌ను నిలువుగా పెడితే పొరలు వరసగా కనిపిస్తాయి. పైన చర్మం, కొవ్వు. తర్వాత తీగలు కలిపి పేనినట్టు మెరిసే తొడ కండరపు స్నాయువు. దాని కింద, చిప్పకు ఆనుకుని చిన్న కొవ్వు ముద్ద. అన్నిటికంటే లోతున తెల్లటి గీతలా తొడ ఎముక, దాని మీద మరో కొవ్వు పొర. ఈ రెండు కొవ్వుల మధ్య ఉండే సన్నటి నల్లటి చీలికే మనకు కావాల్సింది. అది సూప్రాపటెల్లార్ సంచి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి అది కిందున్న కీలుతో కలిసే ఉంటుంది. అందుకే అక్కడ వేసిన మందు కీలంతా పాకుతుంది.

మొదట నాకు ఆ నల్ల చీలిక కనిపించనే లేదు. నీరు లేదని రాయబోయాను. అప్పుడు గమనించాను, తెర మీద స్నాయువు లోపలికి వంగినట్టు ఉంది. కొవ్వు ఎక్కువగా ఉంది కదా, బొమ్మ స్పష్టంగా రావాలని ప్రోబ్‌ను నేనే గట్టిగా అదిమేస్తున్నాను. ఉన్న కాస్త నీరూ పక్కలకు పారిపోతోంది. జెల్ ఎక్కువగా వేసి, ప్రోబ్ బరువు చర్మం మీద పడీపడనట్టు పట్టుకుని, "అమ్మా, మోకాలితో టవల్‌ను కిందకి నొక్కండి" అన్నాను. తొడ కండరం బిగుసుకుంది. బయటి వైపు నుంచి నల్లటి నీరు మెల్లగా సంచిలోకి జారి వచ్చింది. కొలిస్తే 7 మిల్లీమీటర్లు. చేత్తో నొక్కి లేదని, సూదితో లాగి లేదని రెండుసార్లు రాసుకున్న నీరు ఇదే.

డాప్లర్ పెడితే లోపలి పొరలో రక్తప్రవాహం చుక్కలు చుక్కలుగా మెరిసింది, అంటే అక్కడ వాపు ఉంది. మోకాలి వెనక తిత్తి ఏమీ లేదు. తర్వాత మోకాలు పూర్తిగా వంచమని, చిప్ప పైన ప్రోబ్‌ను అడ్డంగా పెట్టి తొడ ఎముక మీది మృదులాస్థిని చూశాను. మామూలుగా అది నల్లటి పట్టీలా ఉంటుంది. ఈ మోకాలిలో ఆ పట్టీ మధ్యలో ఇసుక రేణువుల్లా తెల్లటి చుక్కలు కనిపించాయి. యూరిక్ యాసిడ్ స్ఫటికాలైతే పట్టీ పైఅంచున పేరుకుంటాయి. మధ్యలో పేరుకునేవి క్యాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు, ఉన్నట్టుండి కీలులో వాపు, వేడి తెప్పించేవి. వెళ్లి పాత ఎక్స్‌రే మళ్లీ తీసి చూశాను. బయటి మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) ఉండే చోట ఆ స్ఫటికాల గుర్తుగా సన్నటి తెల్లగీత ఉంది. సందు ఎంత తగ్గిందో కొలిచే హడావిడిలో అది నా కంటికి ఆనలేదు.

ఆవిడ చెప్పిన రెండో నొప్పి, పొద్దుటి బిగుతు, ఉన్నట్టుండి వచ్చి తగ్గే వేడి, అన్నీ ఒక్కసారిగా కలిసి కనిపించాయి. స్కాన్ మొదలుపెట్టింది సూదికి దారి వెతకడానికి. పది నిమిషాల్లో డయాగ్నసిస్‌నే మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. ఇప్పుడు మొదటి పని మందు వేయడం కాదు, నీరు తీసి పరీక్షకు పంపడం.

చూస్తూ కూడా తప్పిన సూది

ప్రోబ్‌కు స్టెరైల్ కవర్, స్టెరైల్ జెల్, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్. ప్రోబ్‌ను చిప్ప పైఅంచుకు కాస్త ఎగువన అడ్డంగా పెట్టి, బయటి వైపు నుంచి, ప్రోబ్ పొడవునా సాగేలా సూది పంపాలని ప్లాన్. సూది ప్రోబ్‌కు ఎంత సమాంతరంగా ఉంటే అంత బాగా మెరుస్తుంది. ఏటవాలుగా దిగితే శబ్దతరంగాలు వేరే దిక్కుకు తిరిగిపోయి సూది మాయమవుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ ట్రేలో ఉన్న అదే 38 మిల్లీమీటర్ల సూదినే తీసుకున్నాను.

ఈ తొడకు ఆ పొడవు చాలలేదు. పక్క నుంచి సంచి దాకా 5 సెంటీమీటర్లకు పైనే ఉంది. దూరం తగ్గించుకోవడానికి తెలియకుండానే సూదిని నిటారుగా దించాను. సగం దారిలో మొన కనిపించకుండా పోయింది. కణజాలం కదలికను బట్టి మొన సంచిలోనే ఉందని ఊహించాను. లాగాను, ఏమీ రాలేదు. మొదటి ఇంజెక్షన్ రోజు ఏం చేశానో అప్పుడు గుర్తొచ్చింది. స్టీరాయిడ్ జోలికి పోకుండా ఒక్క మిల్లీలీటరు లిగ్నోకైన్ మాత్రం వదిలి తెరనే చూస్తూ ఉన్నాను. సంచి కదల్లేదు. దాని కింద, ఎముక మీది కొవ్వులో చిన్న నల్లటి బుడగ ఉబ్బి అక్కడే ఉండిపోయింది. మందు పారలేదు, పోగైంది. ఆ రోజు ట్రయామ్‌సినలోన్ ముందే ఎక్కించి ఉంటే అది మొత్తం ఆ కొవ్వులోనే ఉండిపోయేది. అల్ట్రాసౌండ్‌తో చూసి వేశానని రికార్డులో గర్వంగా రాసుకునేవాడిని కూడా.

సూది తీసేశాను. ఆవిడతో, "అమ్మా, సూది పొడవు చాలలేదు. ఇంకోసారి గుచ్చాలి. వద్దంటే ఈ రోజుకు ఆపేద్దాం" అన్నాను. "గుచ్చండి, మత్తుగానే ఉంది" అన్నారు.

రెండోసారి 90 మిల్లీమీటర్ల స్పైనల్ సూది తీసుకున్నాను, 20 గేజ్‌ది. గుచ్చే చోటును ప్రోబ్ అంచు నుంచి రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపాను. దూరం పెరిగితే సూది దాదాపు అడ్డంగా వెళుతుంది. ఈసారి తెర మీద తెల్లటి గీత చివరిదాకా కనిపించింది. స్నాయువు కిందుగా సాగి, సంచి గోడను ఒక క్షణం లోపలికి నెట్టి, ఠక్కున దాటింది. లాగగానే నీరు వచ్చింది. 22 మిల్లీలీటర్లు. లేత పసుపు రంగు, కొంచెం మసక. సిరంజిని ముద్రించిన కాగితం ముందు పెట్టి చూస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయి. వట్టి అరుగుదల నీరైతే సాధారణంగా అక్షరాలు చదవగలం.

మందు వేయకుండా ఆపిన రోజు

సూది కీలులో ఉంది, మందు పక్కనే ట్రేలో ఉంది, పేషెంట్ రెండుసార్లు గుచ్చించుకున్నారు. అక్కడ ఆగడం కష్టమే. కానీ నీరు మసకగా ఉంది, షుగర్ ఉంది. జ్వరం లేకపోయినా, చీము పట్టిన కీలులో స్టీరాయిడ్ వేస్తే జరిగే నష్టం పూడ్చలేనిది. ఐదారు రోజులు ఆగితే వచ్చే నష్టం కొంత నొప్పి మాత్రమే. సూది తీసేసి నీటిని కణాల లెక్కకు, సూక్ష్మజీవులను వెతికే గ్రామ్ స్టెయిన్‌కు, కల్చర్‌కు, స్ఫటికాలకు పంపాను. కొడుకు ముఖంలో నిరాశ తెలుస్తూనే ఉంది. "ఇంత చేసి మందు వేయలేదా?" అన్నాడు. ఎందుకు వేయలేదో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. నీరు పోవడంతో ఆవిడకు ఆ రాత్రే బిగువు సగం తగ్గింది.

తెల్లకణాలు మైక్రోలీటరుకు 9,400. అరుగుదల ఒక్కటే అయితే సాధారణంగా 2,000 లోపు ఉంటాయి. చీము పట్టినప్పుడు తరచు 50,000 దాటుతాయి, అయితే అంతకంటే తక్కువ ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కొట్టిపారేయలేం. అందుకే అంకె చూసి తొందరపడలేదు, కల్చర్ కోసం ఆగాను. ఏమీ పెరగలేదు. పోలరైజ్డ్ మైక్రోస్కోపులో చిన్న చిన్న పలకల్లాంటి స్ఫటికాలు కనిపించాయని రిపోర్టు వచ్చింది. క్యాల్షియం పైరోఫాస్ఫేట్. రక్తంలో క్యాల్షియం, మెగ్నీషియం చూపించాను, రెండూ నార్మల్.

చివరికి చేరిన మందు

ఆరో రోజు మళ్లీ అదే దారిలో, అదే పొడవు సూదితో వెళ్లాను. నీరు కొద్దిగా తిరిగి చేరింది, తీసేశాను. ముందు లిగ్నోకైన్ ఒక మిల్లీలీటరు. ఈసారి బుడగ కట్టలేదు. మొన దగ్గర నుంచి పాయలా విడిపోయి సంచి రెండు చివరలకూ పారింది, వేలి కింద బిగువే లేదు. తర్వాత 40 మిల్లీగ్రాముల ట్రయామ్‌సినలోన్. అది ద్రవంలో తేలే పొడి కాబట్టి తెర మీద మెరిసే ధూళిలా కనిపిస్తుంది. ఆ ధూళి సంచిలో సుడి తిరిగి, చిప్ప పక్క నుంచి కిందకి జారడం ఆవిడ కూడా తల తిప్పి చూశారు. సూది ఉన్నప్పటి బొమ్మ, మందు పారుతున్న చిన్న వీడియో రెండూ రికార్డులో పెట్టాను.

షుగర్ పెరుగుతుందని ముందే చెప్పి, రోజూ చూసుకోమన్నాను. రెండో రోజు పరగడుపున 214 వచ్చింది, ఐదో రోజుకు మామూలు స్థాయికి దిగింది. పదిలో ఎనిమిది ఉన్న నొప్పి రెండు వారాలకు రెండుకు తగ్గింది. పొద్దుటి బిగుతు పది నిమిషాలకు వచ్చింది. స్ఫటికాల వాపు మళ్లీ మళ్లీ రాకుండా కొల్చిసిన్ మాత్ర రోజుకు 0.5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఆ ధైర్యం చేశాను. నొప్పి లేని ఆ వారాల్లోనే తొడ కండరాల వ్యాయామం గట్టిగా చేయించాం. నిజానికి స్టీరాయిడ్‌తో మనం కొనుక్కునేది ఆ వ్యవధినే. మెట్ల నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. అది అరుగుదలది, ఆ సూదితో పోయేది కాదు.

ఇప్పుడు నేను చేసేది

నీరు లేని మోకాళ్లలో గుర్తుల ఆధారంగా సూది వేసి, ఎక్స్‌రే తెర కింద సరిచూసిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. చిప్ప మధ్యలో బయటి వైపు నుంచి వేస్తే 93 శాతం కీలులో పడ్డాయి. నేను వాడిన చిప్ప కింది బయటి దారిలో 71 శాతమే. వేసింది అనుభవం ఉన్న చెయ్యే. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. ఆ మిగిలిన 29 శాతంలో నా పేషెంట్ ఉండవచ్చని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ప్రతి మోకాలికీ అల్ట్రాసౌండ్ కావాలని నేను అనడం లేదు. కంటికే తెలిసేంత నీరు నిండిన మోకాలిలో చేతి గుర్తులతో వేసిన సూది బాగానే చేరుతుంది. గురి కుదిరినంత మాత్రాన ఉపశమనం కూడా అంతే పెరుగుతుందనీ చెప్పలేం. కానీ మోకాలు లావుగా ఉన్నా, లాగితే నీరు రాకపోయినా, ముందు వేసింది ఫలించకపోయినా ఇప్పుడు ప్రోబ్ లేకుండా సూది పట్టుకోను. సూది ఎంత పొడవు కావాలో చర్మం మీద చూసి కాదు, తెర మీద కొలిచి తీసుకుంటున్నాను. మొన కనిపించినా ముందు లిగ్నోకైన్ వదిలి, అది పారుతోందా పోగవుతోందా చూశాకే స్టీరాయిడ్ సిరంజి మారుస్తున్నాను. ఇంజెక్షన్ ఫలించలేదంటూ ఎవరైనా వస్తే ముందు సూది గుచ్చిన చోట చర్మాన్ని వెలుతురులో చూస్తున్నాను.

ఆవిడ పోయిన నెల వచ్చారు. రెండో ఇంజెక్షన్‌కు ఎనిమిది నెలలు దాటాయి. మచ్చ చుట్టూ రంగు కొంత తిరిగి వచ్చింది, గుంట ఇంకా ఉంది. మెట్ల దగ్గర నొప్పి నాలుగు దాకా ఉందని, మళ్లీ ఒకటి వేయమని అడిగారు. స్కాన్ చేశాను. టవల్‌ను నొక్కించి చూసినా సంచిలో నీరు 2 మిల్లీమీటర్లకు మించలేదు, డాప్లర్‌లో చుక్కలు లేవు. స్టీరాయిడ్ తగ్గించగలిగే వాపు ఆ రోజు కీలులో లేదు. రెండేళ్లపాటు 12 వారాలకోసారి ఇదే మందు ఇచ్చి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఉప్పునీరు వేసిన వాళ్లకంటే మృదులాస్థి ఎక్కువగా పల్చబడింది, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సంగతి చెప్పి, తెర ఆవిడ వైపు తిప్పి, మొదటి రోజు నల్లగా నిండి ఉన్న చోటు ఇప్పుడు ఎలా ఉందో చూపించాను. "అయితే ఇవాళ సూది లేదన్నమాట" అన్నారు. లేదమ్మా అన్నాను. వ్యాయామంలో రెండు మార్పులు రాసిచ్చి, ఆపరేషన్ గురించి సర్జన్‌తో ఒకసారి మాట్లాడి ఉంచుకోమని ఉత్తరం ఇచ్చి పంపించాను.